కాన్పయినాక కూడా ఫోను మోగాలి



మన వైపు తొలికాన్పు పుట్టింటి బాధ్యత. సీమంతం చేసి, చేతుల నిండా గాజులు తొడిగి, బిడ్డను పుట్టింటికి పిలుచుకొని వస్తారు. చిత్తూరు ఆడబిడ్డ రాయవేలూరులో కాపురం ఉంటుంది. కుప్పం ఆడబిడ్డ బెంగుళూరులో, సత్యవేడు ఆడబిడ్డ చెన్నపట్నంలో ఉంటారు. మూడు రాష్ట్రాలు కలిసే చోటు మనది. అందుకని నెలలు నిండుతున్న మనిషి అత్తిల్లు దాటి పుట్టిల్లు చేరిందంటే, చాలాసార్లు ఒక రాష్ట్రం ఆరోగ్యశాఖ లెక్కలోంచి ఇంకో రాష్ట్రం లెక్కలోకి వచ్చినట్టే. తమిళనాడులో గర్భిణుల నమోదుకు ఆమెకు పిక్మీ నంబరు ఇచ్చి ఉంటారు. ఇక్కడి నర్సమ్మ మన నమోదు నంబరు, ఆర్‌సీహెచ్ నంబరు అడుగుతుంది. తల్లీబిడ్డ రక్షణ కార్డు అత్తింట్లో బీరువాలో ఉండిపోతుంది. రక్తం ఎంత ఉండేది, బీపీ ఎంత ఉండేది, స్కానింగులో ఏం చెప్పారు అని అడిగితే, "అంతా బాగుందన్నారమ్మా" అనేదొక్కటే జవాబు.

గర్భిణికి, బాలింతకు ఫోను, ట్యాబు, వీడియో సాయంతో అందే మిడ్‌వైఫ్ సేవ గురించి ఈ పూట మాట్లాడుకుందాం. కాన్పు చేయించడంలో శిక్షణ పొందిన నర్సును మిడ్‌వైఫ్ అంటున్నాం. మన పల్లెలో ఆ పనిని ఏఎన్‌ఎం, ఆశా, ఆస్పత్రి నర్సు తలా కొంత పంచుకుంటున్నారు. వాళ్ల చేతికి ఫోను వస్తే తల్లికి ఏం ఒరుగుతుంది, ఏది ఒరగదు? నేను చెప్పదలచుకున్న మాట ముందే చెప్పేస్తాను. కడుపుతో ఉన్నంతకాలం ఫోన్లు, పరీక్షలు, పలకరింపులు అన్నీ ఉంటాయి. కాన్పు కాగానే అవి సన్నగిల్లుతాయి. ఈ కొత్త సాధనాలు ఎక్కువగా పనికిరావలసింది ఆ తరువాతి ఆరు వారాల్లోనే.

వైద్యానికీ తల్లికీ మధ్య దూరం తగ్గించాలన్న ఆలోచన ఇవాళ పుట్టింది కాదు. 1890ల్లో తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు, కాన్పు కష్టమైన తమ భార్యల కోసం ఒక మిషనరీ డాక్టరు ఇంటి తలుపు తట్టారు. డాక్టరు మగవాడని ముగ్గురూ వెనక్కి వెళ్లిపోయారు. ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ డాక్టరు కూతురు ఐడా స్కడర్ అమెరికా వెళ్లి వైద్యం చదివి వచ్చి, 1900లో రాయవేలూరులో చిన్న వైద్యశాల తెరిచింది. అది పెరిగి పెద్దదై ఇవాళ మన చిత్తూరు వాళ్లు బస్సెక్కి పోయే సీఎంసీ ఆస్పత్రి అయింది. ఆమె అక్కడితో ఆగలేదు. గుడియాత్తం దారిలో చెట్ల కింద ఆగి, దారి పక్కనే రోగులను చూసింది. ఆస్పత్రికి రాలేనివాళ్ల దగ్గరికి ఆస్పత్రే పోవాలన్నది ఆమె పద్ధతి. ఇవాళ టెలిమెడిసిన్ అనే పేరుతో జరుగుతున్నదీ అదే ప్రయత్నం. కాకపోతే ఐడా బండి ఆగిన చోట రోగి కడుపు మీద చెయ్యి వేసి చూసే మనిషి ఉండేది. ఫోనుకు ఆ చెయ్యి లేదు.

మన దగ్గర ఇప్పుడు ఏమేమి ఉన్నాయో చూద్దాం. 2016 నుంచి ఏఎన్‌ఎంల చేతిలో అన్మోల్ అనే యాప్ ఉన్న ట్యాబులు వచ్చాయి. వాటిని మొదట చేపట్టిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. గర్భిణి పేరు, నెలలు, బరువు, బీపీ, హిమోగ్లోబిన్, వేసిన టీకాలు అందులో ఎక్కుతాయి. పల్లెలోని ఆరోగ్య కేంద్రం నుంచి దూరాన ఉన్న డాక్టరును వీడియోలో చూపించే ఈ-సంజీవని సేవ 2019 నవంబరులో దేశంలోనే మొదటగా మన రాష్ట్రంలో మొదలైంది. 2020 మార్చిలో కేంద్రం టెలిమెడిసిన్‌కు నియమావళి ప్రకటించాక, ఏ మందు ఫోనులో రాయవచ్చో, ఏది మనిషిని చూడకుండా రాయకూడదో స్పష్టమైంది. 2025 జులైలో కుప్పం ఏరియా ఆస్పత్రిలో టాటా సంస్థల సాయంతో డిజిటల్ నెర్వ్ సెంటర్ తెరిచారు. పల్లెల ఆరోగ్య కేంద్రాలను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను, పెద్ద ఆస్పత్రిని ఒకే తీగకు కలపడం దాని ఉద్దేశం. పక్కనే ఉన్న కోలారు జిల్లాలో ఇలాంటిది అంతకుముందే నడిచింది. కుప్పం నుంచి రోజూ రైలెక్కి బెంగుళూరు పనికి పోయి వచ్చే కుటుంబాలకు, మనిషితో పాటు వైద్య వివరాలు కూడా ప్రయాణం చెయ్యడం చిన్న సంగతి కాదు.

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. పుట్టిల్లు పలమనేరు దగ్గర పల్లె. కాపురం బెంగుళూరులో. ఎనిమిదో నెలలో తల్లి దగ్గరికి వచ్చింది. ఏఎన్‌ఎం బీపీ చూసింది. పైది 134, కిందిది 86. ప్రమాదపు గీత 140, 90. గీత దాటలేదు కదా అని ఊరుకోవచ్చు. కానీ ట్యాబులో పాత లెక్కలు కూడా ఉంటే, నాలుగో నెలలో అదే బీపీ 104, 64 ఉండేదని కనబడుతుంది. అప్పుడు నర్సమ్మ మాట మారుతుంది. "రాత్రిపూట తలనొప్పి వస్తాందా అమ్మణ్ణీ? కళ్ల ముందర మిణుకు మిణుకుమంటాందా? మొగము వాచిందా?" అని అడుగుతుంది. మూత్రంలో ప్రొటీను ఉందేమో చూస్తుంది. నాలుగు రోజులకే మళ్లీ రమ్మంటుంది. మన పెద్దలు గుర్రపువాతం అని భయపడే ఫిట్స్ చాలావరకు ఇలా మెల్లగా మెట్టెక్కి వచ్చే బీపీతోనే మొదలవుతాయి. ఒక్కసారి చూసిన అంకె కంటే, ఆ అంకె ఎటు నడుస్తున్నదో ముఖ్యం. డిజిటల్ రికార్డుకు ఉన్న అసలు విలువ ఇదే.

రక్తహీనత సంగతీ అంతే. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో గర్భిణుల్లో నూటికి 53 మందికి పైగా రక్తహీనులు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 ఉండాలి. 7 కంటే తగ్గితే ఆస్పత్రిలో చేర్చాల్సిన పరిస్థితి. ఐరన్ మాత్రలు ఇచ్చాం అని ట్యాబులో ఒక టిక్కు పెడితే పని అయిపోదు. "మాత్ర వేసుకుంటే వాంతికొస్తాది, దూలానికి చెక్కి పెట్టినాను" అనే ఆడబిడ్డలు ఉంటారు. అన్నం తిన్నాక రాత్రి వేసుకొమ్మని, టీతో కలిపి వేసుకోవద్దని, వేసుకుంటే మలం నల్లగా పోతుంది, భయపడొద్దని చెప్పే గొంతు కావాలి. ఆ గొంతు ఫోనులో వినబడినా చాలు.

అయితే ఫోను ఎవరి చేతిలో ఉంది? అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న ఆడవాళ్లు నూటికి 49 మంది. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు 21 మందే. మగవాళ్లలో 49 మంది. తరువాతి ఏళ్లలో ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో ఫోను ఉండటం వేరు, ఇంట్లో ఆడమనిషి చేతిలో ఫోను ఉండటం వేరు. నమోదుకు కొన్నిసార్లు ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ బెంగుళూరులో పనిలో ఉన్న భర్త ఫోనుకు పోతుంది. ఆయన ఎత్తేసరికి దాని గడువు ముగుస్తుంది. రక్తస్రావం గురించో, పాలు పడకపోవడం గురించో వచ్చే సందేశం మరిది చేతిలో ఉన్న ఫోనులో మోగితే, దాన్ని ఆ తల్లి వినే పరిస్థితి ఉండదు. అందుకే నమోదు చేసేటప్పుడు నర్సమ్మ అడగాల్సిన మొదటి ప్రశ్న "ఫోను నంబరు చెప్పు" కాదు. "ఈ ఫోను పగలు ఎవరి దగ్గర ఉంటుంది? ఏ పూట చేస్తే నువ్వు ఎత్తుతావు?" అని అడగాలి.

ఇంకో సంగతి భాష. కుప్పం, గుడుపల్లె, శాంతిపురం, రామకుప్పం వైపు ఒకే వీధిలో తెలుగు, తమిళం, కన్నడం వినిపిస్తాయి. నగరి, సత్యవేడు వైపు తమిళం ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. పుస్తకాల తెలుగులో రాసి పంపిన సందేశం అక్కడ చదివేవాళ్లు తక్కువ. మాటగా పంపాలి, వాళ్ల మాటలో పంపాలి. కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో మొదలుపెట్టిన కిల్కారీ సేవ ఇలాంటిదే. కడుపులో నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా, వారానికొకటి చొప్పున 72 సందేశాలు ఫోనులో వినిపిస్తారు. మధ్యప్రదేశ్‌లో పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. కుటుంబ నియంత్రణ పద్ధతులు వాడటం కొంచెం పెరిగింది. ఆరు నెలలూ తల్లిపాలే ఇవ్వడంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇందులో ఆశ్చర్యం లేదు. గర్భనిరోధక సాధనం గురించి సమాచారం తెలిస్తే వాడవచ్చు. పాలు ఇవ్వడం అలా కాదు. చనుమొన పగిలి నెత్తురొస్తున్నప్పుడు, బిడ్డ నోరు సరిగా పట్టనప్పుడు, "పాలు చాల్లేదు, డబ్బా పాలు తేండి" అని ఇంట్లో వాళ్లు అంటున్నప్పుడు, రికార్డు చేసిన గొంతు జవాబు చెప్పలేదు. తిరిగి అడగడానికి వీలుండాలి. అవతల మనిషి ఉండాలి. వీడియోలో బిడ్డను ఎలా పట్టుకుందో చూసి, "ఇంకొంచెం దగ్గరికి తీసుకో, గడ్డం రొమ్ముకు తగలాల, నోరు పెద్దగా తెరిచినాకనే పెట్టు" అని ఓపిగ్గా చెప్పే నర్సు ఉంటే, చాలా ఇళ్లలో డబ్బా పాల అవసరమే రాదు.

ఫోను ఏం చెయ్యలేదో కూడా నిక్కచ్చిగా చెప్పుకోవాలి. కడుపు మీద చెయ్యి పెట్టి బిడ్డ తల ఎటుందో చూడలేదు. రక్తం పరీక్ష చెయ్యలేదు. ఏడు నెలలు దాటాక బిడ్డ కదలిక తగ్గిందనిపిస్తే యాప్‌లో లెక్క పెట్టుకుంటూ కూర్చోకూడదు. ఆన్‌లైన్‌లో కొన్న చిన్న మిషను పొట్టకు ఆనించి, గుండె చప్పుడు వినబడింది కదా అని పడుకోకూడదు. వెంటనే ఆస్పత్రికి పోవాలి. ఉమ్మనీరు పోయినా, నెత్తురు కనబడినా, చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా వీడియో కాల్ కోసం వెతకొద్దు. 108కి ఫోను చెయ్యండి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ నంబరు ఎంతమంది తల్లులను ఆస్పత్రికి చేర్చిందో పల్లెల్లో అడిగితే చెబుతారు. అలాంటప్పుడు ఫోనులో ఉన్న నర్సు చేసే గొప్ప పని ఒకటుంది. "ఇది ఇంట్లో చూసేది కాదు, పొండి" అని గట్టిగా చెప్పడం, అవతలి ఆస్పత్రికి ముందే కబురు పెట్టడం. పలమనేరులో బయలుదేరిన అంబులెన్సు తిరుపతి ప్రసూతి ఆస్పత్రి చేరేలోపు అక్కడి డాక్టరుకు బీపీ ఎంతో, రక్తం గ్రూపు ఏదో తెలిసి ఉంటే, ఘాటు దిగే సమయం కూడా వైద్యానికి పనికొచ్చినట్టే.

మన రాష్ట్రంలో నూటికి 96కు పైగా కాన్పులు ఇప్పుడు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. 2018-20 లెక్క ప్రకారం లక్ష సజీవ జననాలకు చనిపోయే తల్లులు దేశంలో 97 మంది, మన రాష్ట్రంలో 45 మంది. ఇది అందరూ కలిసి సాధించిన మేలు. అయితే కాన్పు ఆస్పత్రిలో జరిగినా, బాలింతరాలి కాలం గడిచేది ఇంట్లో. 102 వాహనం తల్లిని, బిడ్డను ఇంటి ముందర దించి వెళ్లాక, ఆ గదిలోకి వెళ్లి చూసేది ఎవరు?

లెక్క ప్రకారం ఆశా కార్యకర్త చూడాలి. ఆస్పత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది కూడా ఇంచుమించు ఇదే. మొదటి 24 గంటలు ఆస్పత్రిలో, తరువాత రెండు మూడు రోజుల్లో ఒకసారి, రెండో వారంలో ఒకసారి, ఆరో వారంలో ఒకసారి చూడాలంది. జర్మనీలో కాన్పయ్యాక 12 వారాల దాకా మిడ్‌వైఫ్ ఇంటికి వచ్చే ఖర్చు ఆరోగ్యబీమా భరిస్తుంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అక్కడి మిడ్‌వైఫ్‌లు వీడియోలో చూడటం మొదలుపెట్టారు, దానికీ బీమా డబ్బు చెల్లించింది. అంటే వీడియో వచ్చిందని మనిషి రావడం మానలేదు. మనిషి రాలేని రోజుకు వీడియో తోడయింది. మనం పట్టుకోవాల్సిన సూత్రం అదే.

2019-20 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. కుట్లతో ఇంటికి వచ్చిన బాలింత సులువుగా బస్సెక్కి పోయి చూపించుకోలేదు. ఆమె ఇల్లు చేరినాక నర్సమ్మ ఫోను చేసి ఏం అడగాలి? "గంటలో గుడ్డ మొత్తం తడిచిపోతాందా? చలిజ్వరం వస్తాందా? కుట్ల దగ్గర ఎర్రబడిందా, చీము ఉందా? తలనొప్పి ఉందా?" ఈ తలనొప్పి ప్రశ్న వదలకూడదు. కాన్పయింది, బీపీ భయం పోయింది అనుకుంటాం. అది కాన్పు తరువాత కూడా పెరగవచ్చు, ఫిట్స్ రావచ్చు. "పిక్క వాచి నొప్పి పెడతాందా?" అదీ అడగాలి.

తరువాత బిడ్డ సంగతి. పాలు తాగుతున్నాడా, ఒళ్లు చల్లబడిందా, నిమిషానికి 60 కంటే ఎక్కువ సార్లు ఊపిరి తీస్తున్నాడా? ఒళ్లు పచ్చబడితే ఫోటో తీసి పంపితే చాలదు. ట్యూబులైటు వెలుతురులో, ఫోను కెమెరాలో రంగు మోసం చేస్తుంది. పగటి వెలుతురులో చూడాలి. అరచేతులు, అరికాళ్ల దాకా పచ్చదనం దిగితే ఆస్పత్రికి పోవాల్సిందే.

ఈ ప్రశ్నలన్నీ బాలింతను అడిగితే చాలదు. ఆ ఇంట్లో మాట చెల్లేది అమ్మమ్మది. కాయం ఎప్పుడు పెట్టాలి, పత్యం ఎన్ని రోజులు, నీళ్లు ఎన్ని తాగాలి అన్నది ఆమె నిర్ణయం. నీళ్లు ఎక్కువ తాగితే బిడ్డకు జలుబు చేస్తుందని బాలింతకు నీళ్లు తగ్గించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి అమ్మమ్మను తప్పుపడితే ఫోను పెట్టేస్తుంది. తెలిసిన నర్సమ్మ అయితే, "స్పీకరు పెట్టు బంగారూ, అమ్మతో మాట్లాడతా" అంటుంది. "అమ్మా, కాయం పెట్టండి, వద్దనలేదు. పాలు పడాలంటే నీళ్లు కూడా తాగనీయాల. కూరాకు, పప్పు, గుడ్డు పెట్టండి, ఐరన్ మాత్రలు ఇంకో ఆరు నెలలు ఆపొద్దు" అంటుంది. ఆ ఒక్క ఫోనుతో ఇంట్లో పత్యం మారుతుంది. ఏ యాప్‌కూ ఈ చనువు రాదు. కడుపుతో ఉన్నప్పటి నుంచి పలకరించిన గొంతుకే వస్తుంది.

మనసు సంగతి కూడా అడగాలి. కాన్పయిన కొన్నాళ్లకు ఊరకే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా నిద్ర లేక, బిడ్డ మీద మనసు పోక, బతకాలనిపించక ఉంటే అది జబ్బు. దిష్టి తగిలిందనో, ఆడపిల్ల పుట్టిందని మొగము మాడ్చుకుందనో కొట్టిపారేయొద్దు. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇదంతా చెయ్యడానికి నర్సమ్మకు తీరిక ఉందా? ఇక్కడే చిక్కు. ఒకే సమాచారం రిజిస్టరులో రాయాలి, ట్యాబులో ఎక్కించాలి, ఇంకో యాప్‌లో మళ్లీ ఎక్కించాలి. శేషాచలం అంచు పల్లెల్లో సిగ్నలు దొరక్కపోతే సాయంత్రం ఇంటికి పోయాక కూర్చుని ఎక్కించాలి. తల్లి మొగము చూడాల్సిన పది నిమిషాలు తెర చూడటానికే పోతే, ఆ సాంకేతికత తల్లికి కాక పైఅధికారి లెక్కకు పనికొచ్చినట్టు. రాసే పని సగం తగ్గించని డిజిటల్ పథకాన్ని సంస్కరణ అనలేం.

మనుషుల సంఖ్య కూడా పెరగాలి. 2018 డిసెంబరులో కేంద్రం మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు ప్రకటించింది. నర్సులకు 18 నెలల ప్రత్యేక శిక్షణ ఇచ్చి, మామూలు కాన్పులను వాళ్ల చేతికి అప్పగించాలన్నది అందులో మాట. అంతకుముందు ఏడాదే తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌తో కలిసి 30 మంది నర్సులతో కరీంనగర్‌లో ఈ శిక్షణ మొదలుపెట్టింది. నొప్పుల్లో ఉన్న తల్లి పక్కన నిలబడి, నడిపించి, ధైర్యం చెప్పి, అవసరం లేని ఆపరేషన్ తప్పించే మనుషులు వీళ్లు. అలాంటివాళ్లు తిరుపతిలో, చిత్తూరులో, మదనపల్లెలో, కుప్పంలో కావలసినంతమంది ఉండి, కాన్పు చేసిన మిడ్‌వైఫే తరువాత ఆరు వారాలు ఫోనులో అందుబాటులో ఉంటే, ఇవాళ మనం చెప్పుకున్న డిజిటల్ సేవకు అర్థం వస్తుంది. మనుషులు తక్కువై యాప్‌లు ఎక్కువైతే, మోగే ఫోన్లు ఉంటాయి కానీ ఎత్తేవాళ్లు ఉండరు.

వింటున్నవాళ్లలో గర్భిణులు, వాళ్ల ఇళ్లవాళ్లు ఉంటే నాలుగు పనులు చెప్పి ముగిస్తాను. ఒకటి: పుట్టింటికి బయలుదేరే ముందు తల్లీబిడ్డ రక్షణ కార్డులోని ప్రతి పేజీని, స్కానింగు కాగితాలను ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. పిక్మీ అయినా ఆర్‌సీహెచ్ అయినా, ఆ నంబరు రాసిపెట్టుకోండి. రెండు: ఏ ఊరికి పోతున్నారో ఇక్కడి ఏఎన్‌ఎంకు చెప్పండి, అక్కడికి పోగానే అక్కడి ఏఎన్‌ఎంకు కనబడండి. మూడు: కాన్పయ్యేదాకా ఫోను గర్భిణి దగ్గరే ఉంచండి, అయినాక కూడా ఆమె దగ్గరే ఉంచండి. నాలుగు: కాన్పయిన రోజునే క్యాలెండరులో 3, 7, 14, 21, 28, 42వ రోజులకు సున్న చుట్టండి. ఆ రోజు ఎవరూ రాకపోతే, ఫోను కూడా మోగకపోతే, మీరే చెయ్యండి. "మా బిడ్డను చూడ్డానికి ఎవరూ రాలేదే" అని అడగండి. అది దయ అడగడం కాదు, మీకు రావలసిన సేవను అడగడం. పది ఇళ్లవాళ్లు అలా అడిగితే, పదకొండో ఇంటికి ఆశా అడగకుండానే వస్తుంది.